మేనేజరును మాన్పించే ముందు కరెంటు బిల్లులు తీయండి

ఇల్లేమో సొంతూళ్లో, ఉద్యోగం ఇంకోచోట. బాడుగలు వసూలు చేసి పంపడానికి ఒకరిని పెట్టుకున్నాం, ఆయనతో ఇక పొసగడం లేదు, ఎట్లా వదిలించుకోవాలి? ఈ సంచికకు ఎంచిన నాలుగు ఉత్తరాల్లోనూ అడిగింది ఇదే. అందుకని శీర్షిక మొత్తం ఈ ఒక్క విషయానికే కేటాయించాం.

ప్రశ్న: అనంతపురంలో జేఎన్‌టీయూ వైపు మాకు ఆరు పోర్షన్ల మిద్దె ఉంది. మేం బెంగళూరులో ఉంటాం. నాలుగేళ్ల నుంచి ఒకాయన చూసుకుంటున్నాడు. పోర్షనుకు 7,500 బాడుగ, వసూలైన దాంట్లో నూటికి ఎనిమిది ఆయనకు. ఒక పోర్షన్ మూడు నెలల నుంచి ఖాళీ అంటున్నాడు. బోరు మోటారు కాలిందని ఐదు నెలల్లో రెండుసార్లు బిల్లు పెట్టాడు. లెక్క అడిగితే "మీరొచ్చినప్పుడు కూర్చుని చూసుకుందాం సార్" అంటాడు. అడ్వాన్సులు కూడా ఆయన దగ్గరే ఉన్నాయి. మా మధ్య కాగితమేదీ లేదు. ఫోన్ చేసి రేపటి నుంచి వద్దని చెప్పేయొచ్చా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మాన్పించే హక్కు మీకుంది. కానీ రేపే వద్దు, ఫోన్లో అసలే వద్దు. ఆ మాట ఆయన చెవిన పడ్డాక రసీదు పుస్తకం గానీ, అగ్రిమెంట్లు గానీ మీ చేతికి రావడం కష్టం. ముందు ఒక రెండు వారాలు లెక్క పోగేసుకోండి.

మొదలుపెట్టాల్సింది కరెంటు బిల్లులతో. పోర్షనుకో మీటరు ఉంటే ఒక్కోదానికి ఒక్కో సర్వీస్ నంబరు ఉంటుంది. కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ వెబ్‌సైట్లో ఆ నంబరు కొట్టి పాత బిల్లులు చూడండి. నెలకు ఎన్ని యూనిట్లు తిరిగిందో తెలిసిపోతుంది. ఖాళీ ఇంట్లో మీటరు తిరగదు. తిరిగినా ఒకటి రెండు యూనిట్లు. ఖాళీ అని చెప్పిన మూడు నెలల్లోనూ 80, 90 యూనిట్ల చొప్పున కాలి ఉంటే లోపల ఫ్యాన్లు తిరిగాయి, ఫ్రిజ్ నడిచింది, మనుషులు ఉన్నారు. అయితే ఒక జాగ్రత్త. కొన్ని మిద్దెల్లో మోటారునో, మెట్ల లైట్లనో ఏదో ఒక పోర్షన్ మీటరుకు కలిపేసి ఉంటారు. ఆ మీటరు ఇదేనేమో చూసుకోకుండా ఎవరినీ దొంగ అనకండి. పరీక్ష సులువు. ఆ పోర్షన్ మెయిన్ ఆపేసి మోటారు వేసి చూడండి. మోటారు తిరిగిందంటే అది వేరే మీటరు మీద ఉన్నట్టు. ఈ నెల చేతికొచ్చిన బిల్లులో ఉండేది పోయిన నెల వాడకం అన్నది కూడా గుర్తుంచుకుని నెలలు సరిపోల్చండి.

రెండోది మోటారు. అనంతపురంలో ఎండాకాలం బోర్లలో నీళ్లు దిగిపోతాయి. నీళ్లు లేకుండా సబ్‌మెర్సిబుల్ తిరిగితే చల్లబడే దారి లేక వైండింగ్ కాలిపోతుంది. కాబట్టి ఒకసారి కాలడం వింత కాదు. కాలినప్పుడల్లా రీవైండింగ్ చేయించి, నీళ్లు లేనప్పుడు మోటారును తనంతట తాను ఆపేసే డ్రై రన్ రక్షణ స్టార్టరు పెట్టెలో పెట్టించకపోవడం మాత్రం తప్పు. రెండు బిల్లుల మీద షాపు పేరు, తేదీ, మోటారు ఎన్ని హార్స్‌పవర్ అన్నది చూడండి. షాపుకు నేరుగా ఫోన్ చేసి బిల్లు నంబరు చెప్పి అడగండి. ఒకే మోటారు రెండు బిల్లుల్లో రెండు రకాలుగా ఉంటే మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే. ఒకవేళ రెండూ నిజమైన బిల్లులే అని తేలితే అది చేతివాటం కాదు, చేతకానితనం. మాన్పించడానికి అదీ చాలిన కారణమే. కానీ నోటీసులో మోసం అన్న మాట రాయకూడదు.

మూడోది అగ్రిమెంట్లు. ఆదాయపు పన్ను లెక్కకు ఆడిటరు అడుగుతున్నారని చెప్పి ఆరింటి కాపీలూ ఆయన్నే పంపమనండి. ఎట్లాగూ రిటర్నుకు అవి కావాలి, ఇందులో అబద్ధం లేదు. వచ్చాక ఒక్కోదాంట్లో ఇంటి యజమాని అన్నచోట ఎవరి పేరుందో చూడండి. కొందరు మేనేజర్లు తమ పేరే రాసుకుంటారు. అట్లా ఉంటే బాడుగకున్నవాళ్లతో మీ పేరు మీద కొత్తగా రాయించుకోవాలి. అడ్వాన్సు అంకె కూడా చూడండి. మీకు 15,000 అని చెప్పి వాళ్ల దగ్గర 20,000 తీసుకుని ఉండవచ్చు.

ఇక చట్టం. కాగితం లేకపోయినా ఆయన మీ ఏజెంటే. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం దీనికి వర్తిస్తుంది. అడిగినప్పుడు లెక్క చూపడం ఏజెంటు బాధ్యత అంటుంది 213వ సెక్షన్. తీసేసేటప్పుడు తగినంత ముందుగా తెలియజేయాలంటుంది 206. అన్నింటికన్నా మీకు ముఖ్యమైనది 208. తీసేసిన సంగతి ఏజెంటుకు తెలిసినప్పటి నుంచి ఆయన వరకు, బయటివాళ్లకు తెలిసినప్పటి నుంచి వాళ్ల వరకు చెల్లుతుంది. అంటే మీరు మేనేజరును మాన్పించినా ఆ సంగతి మిద్దెలో ఉన్నవాళ్లకు చెప్పకపోతే, వాళ్లు ఆయన చేతిలో పెట్టిన బాడుగ మీకు ఇచ్చినట్టే లెక్క. మళ్లీ వాళ్లను అడగడానికి లేదు.

అందుకే తేదీ చూసుకోవాలి. బాడుగలు 1 నుంచి 5 లోపల వసూలవుతాయి. మీరు 3న నోటీసు ఇస్తే అప్పటికే సగం మంది ఆయనకు కట్టేసి ఉంటారు. 20, 22 తేదీల మధ్య అనంతపురం వెళ్లండి. అదేరోజు ఆయనకు నోటీసు, అదేరోజు ఆరు పోర్షన్లకూ ఉత్తరం. మధ్యలో ఒక్క రాత్రి కూడా ఎడం ఉండకూడదు. నోటీసు ఆయన చేతికిచ్చి కాపీ మీద సంతకం తీసుకోండి. సంతకం పెట్టనంటే పోస్టాఫీసుకు వెళ్లి, చేరినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపి, ఫొటో తీసి వాట్సాప్‌లో కూడా పెట్టండి. నోటీసు ఇంత ఉంటే చాలు:

"అనంతపురంలోని ఫలానా డోర్ నంబరు ఇంటికి సంబంధించి బాడుగలు, అడ్వాన్సులు వసూలు చేయడానికి, ఇల్లు బాడుగకివ్వడానికి మీకిచ్చిన అధికారాన్ని ఈ రోజు నుంచి ఉపసంహరించుకుంటున్నాను. ఇకపై నా తరఫున ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరాదు, కాగితాల మీద సంతకం చేయరాదు. 15 రోజుల్లోగా మొదటి నుంచి ఈ రోజు వరకు లెక్క, రసీదు పుస్తకాలు, ఒరిజినల్ అగ్రిమెంట్లు, అన్ని బీగం చేతులు, మీ దగ్గరున్న అడ్వాన్సు మొత్తం అప్పగించగలరు. మీకు రావాల్సిన కమీషన్ ఏదైనా ఉంటే లెక్కలో చూపండి, సరిచూసి ఇస్తాను."

తిట్లు వద్దు, ఆరోపణలు వద్దు. వసూలు మాత్రం ఆ రోజే ఆగిపోవాలి, లెక్క అప్పగింతకు గడువివ్వాలి.

పోర్షన్లకిచ్చే ఉత్తరంలో మూడు సంగతులు ఉండాలి: ఫలానా తేదీ నుంచి ఆయనకు డబ్బు ఇవ్వొద్దు, ఈ బ్యాంకు ఖాతాకు వేయండి, ఏదైనా చెడిపోతే ఈ నంబరుకు చెప్పండి. కింద రెండు ఖాళీలు వదలండి. తాము ఇచ్చిన అడ్వాన్సు ఎంత, చివరగా ఏ నెల వరకు బాడుగ కట్టారు అన్నవి వాళ్లే నింపి సంతకం చేయాలి. ఈ సంతకాలే రేపు మీకు ఆధారం. మీ అడ్వాన్సు ఎగిరిపోయిందేమోనని వాళ్లు భయపడతారు. దానికి మీదే పూచీ అని ఆ ఉత్తరంలోనే రాసివ్వండి. మీ తరఫున ఏజెంటు తీసుకున్నది మీరు తీసుకున్నట్టే. "ఆయన్నడుక్కోండి" అనడం చట్టప్రకారమూ కుదరదు, న్యాయమూ కాదు.

చివరి లెక్క ఎట్లా ఉండాలో మీ అంకెలతోనే చూద్దాం. ఈ నెల ఐదు పోర్షన్ల బాడుగ 37,500. అందులో ఆయన కమీషన్ 3,000, రసీదులున్న రిపేర్లు 2,200 అనుకుందాం. మిగిలేది 32,300. అడ్వాన్సు పోర్షనుకు 15,000 అనుకుంటే ఐదింటివి 75,000. మొత్తం 1,07,300 మీకు రావాలి. ఖాళీ అన్న పోర్షన్‌లో మనుషులున్నారని తేలితే ఇంకో మూడు నెలల బాడుగ 22,500, ఆ పోర్షన్ అడ్వాన్సు 15,000 కలుస్తాయి. ఆ బాడుగ మీద కమీషన్ ఇవ్వక్కర్లేదు. తప్పు చేసిన పని వరకు ఏజెంటుకు ప్రతిఫలం లేదని 220వ సెక్షన్ చెబుతోంది. అప్పుడు రావాల్సింది 1,44,800.

అప్పగింత రోజు వెంట ఒక ఎలక్ట్రీషియన్ ఉంటే మేలు. ఆరు మీటర్ల రీడింగ్, మోటారు మీటరు రీడింగ్ ఫొటో తీసుకోండి. స్టార్టరు పెట్టె తెరిపించి మోటారు వేయించి చూడండి. సంపు మూత, డాబా మీద ట్యాంకు, వాల్వులు చూడండి. బీగం చేతులు ఏవి ఏ గదివో చీటీలు కట్టి తీసుకోండి. ఒకటి తక్కువైతే ఆ బీగం మార్చేయడమే మంచిది. టు-లెట్ బోర్డు మీద ఆయన ఫోన్ నంబరు ఉంటే ఆ రోజే చెరిపేయండి. కరెంటు సర్వీసులకు, మున్సిపల్ పన్ను అసెస్‌మెంటుకు ఆయన నంబరు ఇచ్చి ఉంటే అది కూడా మార్పించండి. లేకపోతే మెసేజీలన్నీ ఆయనకే పోతాయి, బిల్లు కట్టలేదన్న సంగతి ఫ్యూజు పీకినప్పుడు గానీ మీకు తెలియదు. ఇంటి పన్ను రసీదులు కూడా అడగండి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్లోనే కడితే ఐదు శాతం తగ్గుతుంది. మీరు ఏప్రిల్లోనే డబ్బు పంపినా ఆయన ఆలస్యంగా కట్టి ఉంటే ఆ నష్టం ఆయన లెక్కలో రాయండి.

డబ్బు ఇవ్వకపోతే వకీలు నోటీసు, ఆపైన సివిల్ దావా. లెక్క అడిగి, కాదన్నప్పటి నుంచి మూడేళ్లు గడువు. అడగకుండా ఉంటే ఏజెన్సీ ముగిసిన నాటి నుంచి మూడేళ్లు. నమ్మకద్రోహం కింద భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ ఉంది గానీ, చేతిలో కాగితం లేకుండా స్టేషన్‌కు పోతే సివిల్ తగాదా అని వెనక్కి పంపుతారు. మీటరు రీడింగులు, బాడుగకున్నవాళ్ల సంతకాలు ఉంటే మీ మాటకు బలం ఉంటుంది.

ప్రశ్న: నేను కువైట్‌లో ఉంటాను. కడప ఎర్రముక్కపల్లిలో ఇల్లుంది. మా చిన్నాయన కొడుకుకు, నాకు అన్న అవుతాడు, ఇల్లు చూసుకోమని జీపీఏ (నా తరఫున వ్యవహరించే అధికార పత్రం) రిజిస్టర్ చేసిచ్చాను. రెండేళ్లుగా సరిగ్గా డబ్బు పంపడం లేదు. అడిగితే ఇంట్లో పెద్దవాళ్లు నొచ్చుకుంటున్నారు. జీపీఏ రద్దు చేస్తే చాలా?
— ఒక పాఠకుడు, కువైట్

జవాబు: ముందు ఆ జీపీఏలో ఏం రాసుందో మళ్లీ చదవండి. బాడుగలు వసూలు చేసే అధికారమేనా, అమ్మే అధికారం, తాకట్టు పెట్టే అధికారం కూడా ఉందా? మన దగ్గర రాసే జీపీఏల్లో అడిగినవీ అడగనివీ అన్నీ కలిపి రాసేస్తారు. కాపీ లేకపోతే డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం చెప్పి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీయించండి. ఆ చేత్తోనే ఇంటి మీద ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) కూడా తీయించి చూడండి. ఇప్పటికే ఏదైనా రిజిస్టర్ అయి ఉంటే రద్దు పత్రం ఒక్కటే సరిపోదు, వెంటనే వకీలును కలవాలి.

రిజిస్టరైన జీపీఏను రిజిస్టరైన రద్దు పత్రంతోనే రద్దు చేయాలి. వాట్సాప్‌లో "ఇక నువ్వు చూడొద్దన్నా" అని పెడితే ఆయనకు తెలిసినట్టవుతుంది గానీ ఆ కాగితం చూపి రేపు ఇంకొకరితో వ్యవహారం చేస్తే మీరు చిక్కుల్లో పడతారు. కువైట్‌లోని భారత ఎంబసీలో రద్దు పత్రం మీద సంతకం చేసి అటెస్ట్ చేయించి పంపండి. విదేశంలో రాసిన పత్రానికి మన దేశం చేరిన మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలి. చాలామంది ఈ గడువు దాటేసి ఇబ్బంది పడతారు. పత్రం చేరిన తేదీకి రుజువుగా కొరియర్ కవరు దాచమని చెప్పండి. స్టాంపు పని జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో అవుతుంది. ఆ తర్వాత జీపీఏ రిజిస్టరైన ఆఫీసులోనే రద్దు కూడా నమోదు చేయించడం మేలు. ఇవేవీ వద్దనుకుంటే, మీరు సెలవుకు వచ్చినప్పుడు స్వయంగా వెళ్లి రిజిస్టర్ చేయడం అన్నిటికన్నా సులువు.

రద్దయ్యాక ఒరిజినల్ జీపీఏ వెనక్కి తీసుకోండి. ఇవ్వకపోతే పోయిందని ఊరుకోకుండా రద్దు సంగతి జిల్లా ఎడిషన్ పేపర్లో ప్రకటన వేయించండి. ఆ ఇంట్లో బాడుగకున్నవాళ్లకు, బ్యాంకుకు, కరెంటు ఆఫీసుకు, కార్పొరేషన్‌కు కాపీలు పంపండి. ఆయన ఇంతకుముందే రాసిచ్చిన బాడుగ అగ్రిమెంట్లు మాత్రం చెల్లుతాయి. జరిగిపోయిన పనులను రద్దు పత్రం వెనక్కి తిప్పదు. ఆ ఇంటి కోసం ఆయన సొంత డబ్బు పెట్టి, అది రాబట్టుకునేందుకే జీపీఏ ఇచ్చినట్టు అందులో రాసి ఉంటే దారి వేరు. ఏజెంటుకే ఆస్తిలో హక్కు ఉన్నప్పుడు ఏకపక్షంగా రద్దు కుదరదని కాంట్రాక్ట్ చట్టం 202వ సెక్షన్.

పెద్దవాళ్ల విషయం. నోటీసు వెళ్లడానికి ముందే అన్నకు మీరే ఫోన్ చేయండి. పేపర్లో ప్రకటన చూసి తెలుసుకోవడం కన్నా తమ్ముడి నోట వినడం ఆయనకు గౌరవం. "పని భారం నీ మీద వద్దన్నా, ఇల్లు వేరే ఏర్పాటు చేసుకుంటున్నా" అంటే చాలు. ఆ ఫోన్లో డబ్బు ప్రస్తావన తేవద్దు. లెక్క కాగితం మీద విడిగా అడగండి. బాకీలో కొంత వదులుకోవాలనిపిస్తే అది మీ ఇష్టం, మేం తప్పు పట్టం. కానీ అధికారం మాత్రం ఆయన చేతిలో ఉంచకండి.

ఇక బాడుగ నేరుగా మీకు రావాలంటే ఎన్ఆర్ఓ ఖాతా (ఇక్కడి ఆదాయం వేసుకోవడానికి ప్రవాసులకిచ్చే బ్యాంకు ఖాతా) ఉండాలి. విదేశం వెళ్లకముందు తెరిచిన మామూలు సేవింగ్స్ ఖాతాకే వేయించుకుంటుంటే అది మార్చుకోండి. ప్రవాసికి బాడుగ కట్టేవాళ్లు టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని కట్టాలి. ఇన్నాళ్లూ అన్న చేతికిస్తున్నారు కాబట్టి ఎవరూ పట్టించుకుని ఉండరు. ఆడిటరుతో మాట్లాడి బాడుగకున్నవాళ్లకు ముందే చెప్పండి.

ప్రశ్న: కర్నూలులో నంద్యాల చెక్‌పోస్టు దగ్గర నాలుగు షాపులు, పైన రెండిళ్లు ఉన్నాయి. మావారు పోయాక ఒక సంస్థకు అప్పజెప్పాను. మూడేళ్లకు అగ్రిమెంటు, ఏడాదిన్నర అయింది. షట్టర్లు చెడినా పట్టించుకోరు, నెలాఖరు దాకా బాడుగ పంపరు. వద్దంటే మిగిలిన ఏడాదిన్నర కమీషన్ కట్టి, బాకీ తీరాకే కాగితాలు ఇస్తామంటున్నారు.
— ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, వాళ్లు చెప్పేదాంట్లో కొంత నిజముంది, అంతా కాదు. గడువు రాసుకున్నాక సరైన కారణం లేకుండా మధ్యలో తీసేస్తే నష్టపరిహారం ఇవ్వాలని 205వ సెక్షన్. అక్కడ అసలు మాట "సరైన కారణం లేకుండా" అన్నది. కాబట్టి కారణాన్ని కాగితం మీద పెట్టండి. అగ్రిమెంటులో బాడుగ ఏ తేదీలోగా పంపాలని ఉందో చూడండి. బ్యాంకు స్టేట్‌మెంటులో ఏ నెల ఏ తేదీకి పడిందో పక్కన రాయండి. షట్టరు చెడిందని మీరు చెప్పిన తేదీ, బాగుచేసిన తేదీ కూడా రాయండి. ఇవన్నీ చూపి 15 రోజుల్లో సరిచేయమని మొదటి ఉత్తరం ఇవ్వండి. సరిచేయకపోతే రెండో ఉత్తరంతో అగ్రిమెంటు ముగించండి. మొదటి ఉత్తరం లేకుండా నేరుగా ముగిస్తే, "మాకు అవకాశమే ఇవ్వలేదు" అంటారు.

అగ్రిమెంటులో ఈ మూడు చోట్లా చూడండి. ముందుగా ముగించాలంటే ఎన్ని రోజుల నోటీసు అని ఉందా? ఉంటే అదే మీ దారి, కారణాల గొడవే అక్కర్లేదు. గడువు ముగిశాక దానంతటదే పొడిగింపు అవుతుందని ఉందా? ఉంటే ఇప్పుడు వదిలేసినా ఏడాదిన్నర తర్వాత మళ్లీ ఇరుక్కుంటారు. మేం తెచ్చిన బాడుగదారు ఉన్నంతకాలం కమీషన్ అని ఉందా? అదుంటే ఏ షాపు ఎవరు తెచ్చారో విడదీసి లెక్క తేల్చుకోవాలి.

కాగితాలు పట్టుకోవడం గురించి: తన కమీషన్, ఖర్చులు తీరేవరకు యజమాని కాగితాలు ఆపుకునే హక్కు ఏజెంటుకు 221వ సెక్షన్ ఇస్తుంది. అది ఇప్పటికే చేసిన పనికి రావాల్సిన డబ్బుకే. రాబోయే ఏడాదిన్నర కమీషన్ ఇంకా సంపాదించింది కాదు, దానికోసం కాగితాలు ఆపడానికి లేదు. కాబట్టి నేటి వరకు నిజంగా ఇవ్వాల్సింది లెక్కకట్టి బ్యాంకు ద్వారా పంపేయండి. రూపాయి బాకీ లేకపోతే ఆపుకోవడానికి కారణం ఉండదు. ఇంటి అసలు దస్తావేజు వాళ్ల దగ్గర ఉంటే మాత్రం దానికోసం వెంటనే వకీలుతో నోటీసు ఇప్పించండి. బాడుగలు వసూలు చేసేవాళ్లకు అసలు దస్తావేజుతో పనే లేదు. కొత్తగా ఎవరిని పెట్టుకున్నా జిరాక్సే ఇవ్వండి, అడ్వాన్సులు నేరుగా మీ ఖాతాకే వేయించుకోండి.

ప్రశ్న: కడపలో మా ఇల్లు చూసుకునేవాడు కింది గదిలోనే కాపురముంటున్నాడు. బాడుగ తీసుకోవడం లేదు. మానుకోమంటే "పన్నెండేళ్లుగా ఉన్నా, గది నాదే" అంటున్నాడు.
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: గది ఆయనది కాదు. కాపలాకో, చూసుకోవడానికో ఉన్నవాళ్లకు ఎన్నేళ్లు ఉన్నా ఆ ఆస్తిలో హక్కు రాదని 2012లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అయినా సామాన్లు బయట పడేయడం, కరెంటు తీసేయడం, ఆయన లేనప్పుడు బీగం వేయడం చేయొద్దు. ఆ ఒక్క పనితో మీ కేసు తలకిందులవుతుంది. పని నుంచి తీసేస్తున్నట్టు, పనితోపాటే గదిలో ఉండే అనుమతి కూడా ముగుస్తున్నట్టు రాసి ఒక నెల గడువుతో నోటీసు ఇవ్వండి. పిల్లల బడి సంవత్సరం మధ్యలో ఉంటే అది ముగిసేదాకా ఇవ్వడం మంచిది, ఆ తేదీ కాగితం మీద ఆయన సంతకంతో ఉండాలి. జీతం ఇచ్చినట్టు బ్యాంకు రసీదులు, ఆ గది కరెంటు బిల్లు మీరే కట్టినట్టు రసీదులు పోగేసుకోండి. ఆయన బాడుగదారు కాదు, మీ దగ్గర పనిచేసినవాడు అని నిరూపించేవి అవే. మధ్యలో జాలిపడి నెలకు వెయ్యో రెండువేలో బాడుగలాగా తీసుకోవడం మొదలుపెట్టారంటే మాత్రం రేపు తానే బాడుగదారునంటాడు. గడువు దాటినా కదలకపోతే స్వాధీనం కోసం సివిల్ కోర్టులో దావా వేయాలి.